పదకొండు పొట్టి మెడలు

సిడ్నీ,
మార్చి 9

నాన్నా,

ఫోన్ చేస్తే వాన పడిందో లేదో చెప్పి పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. దీన్ని మహా అయితే కుర్చీ కింద పడేస్తావు. కాసేపయ్యాక నువ్వే వంగి తీసుకుంటావు.

బాగానే ఉన్నానని రాయాలి కానీ అలిసిపోయాను. శనివారం పొద్దున్నించీ సూపర్‌మార్కెట్ ముందు నిలబడి కరపత్రాలు పంచాను. పైన తల్లి కంగారూ సంచిలోంచి తొంగిచూస్తున్న పిల్ల బొమ్మ, కింద "ఈ మాంసం కొనకండి" అని. ఒకావిడ కాగితం తీసుకుని, "కొవ్వు తక్కువమ్మా, మా డాక్టరే తినమన్నాడు" అంది, నేనేదో ఆవిడకి వంట నేర్పడానికి వచ్చినట్టు. ఇంకొకాయన ఆగి, "ఎప్పుడైనా కంగారూని దగ్గరగా చూశావా, పట్నం పిల్లా?" అన్నాడు. లేదన్నాను. టిల్పారాలో తుపాకీతో కంగారూలు కొట్టే క్లెమ్ హాలిస్ కూతుర్నని, నడక వచ్చేసరికే ఆ రక్తపు వాసన నాకు అలవాటని ఆయనకి చెప్పే ఓపిక లేకపోయింది.

ఆఫీసులో ఇంకో రకం. మా ఉద్యమాన్ని నడిపే ఇమోజెన్, ఎవరైనా వస్తే చాలు, "మా టీగన్ వేటగాడి కూతురు" అని కొత్తగా కొన్న కుక్కపిల్లని చూపించినట్టు చూపిస్తుంది. వాళ్లు నా చేతులకేసి చూస్తారు. నేను టీ పెడతాను.

ఇప్పుడు అసలు సంగతి. జనవరిలో నిన్ను చూడ్డానికి వచ్చానన్నాను కదా. అది సగమే నిజం. నా సంచిలో కెమెరా ఉంది. కంగారూ వ్యాపారం మీద పార్లమెంటు సంఘం విచారణ మొదలుపెడుతోందనీ, కొట్టిన కంగారూల్ని వేలాడదీసే కోల్డ్‌రూమ్ లోపలి ఫోటోలు కావాలనీ ఇమోజెన్ అడిగింది. నాకు ఎవరూ అడ్డు చెప్పరని తెలిసే అడిగింది. నువ్వు నిద్రపోతుంటే గోదాముల పక్కనున్న ఆ కోల్డ్‌రూమ్‌కి వెళ్లాను. సరుకు దించుకునే ట్రెవ్ తలుపు తీసి, "మీ నాన్న పనితనం చూసిపో, అమ్మాయ్" అని సిగరెట్ కాల్చుకోవడానికి బయటికెళ్లాడు.

నాకు పదేళ్లప్పుడు నువ్వే చెప్పావు. తలలూ పేగులూ పొలంలోనే వదిలేస్తాం, కోల్డ్‌రూమ్‌కి వచ్చేది మొండెమే, కాబట్టి మెడ చూస్తే కొట్టినవాడి చెయ్యి తెలుస్తుందని. గుండు తలకే తగలాలని రూలు. సరిగ్గా తగిలితే పుర్రె కిందే కోస్తారు, మెడ నిండుగా ఉంటుంది. మెడకి తగిలితే ఆ గాయం కనపడకుండా ఇంకా కిందికి కోస్తారు. "పొట్టి మెడ వేలాడదీసినవాడు అబద్ధాన్ని వేలాడదీసినట్టే" అన్నావు. ఆ మాట నేను స్కూల్లో అందరికీ చెప్పుకు తిరిగాను.

లోపల నలభై మూడు ఉన్నాయి. పదకొండింటికి పొట్టి మెడలు. ఒక్కో దాని ట్యాగు తిప్పి, కొట్టినవాడి లైసెన్సు నంబరు చూశాను. పదకొండూ నీవే, నాన్నా.

ఫోటోలు తీశాను. సిడ్నీ వచ్చాక ప్రతి ఫోటోలోనూ ట్యాగు ఉన్న వైపు కత్తిరించేశాను. నంబర్లు సరిగ్గా పడలేదని ఇమోజెన్‌తో చెప్పాను. ఇద్దరికీ అబద్ధం చెప్పినదాన్నయ్యాను, నీకూ వాళ్లకీ.

కూతురు,
టీగన్


సిడ్నీ,
ఏప్రిల్ 2

నాన్నా,

నువ్వు జవాబు రాయలేదు. రాస్తావని అనుకోలేదులే.

విచారణ సంఘం నుంచి ఫోటోలు తిరిగొచ్చాయి. నంబర్లు లేకపోతే అవి ఏ ఊరివో, ఏ ఏటివో ఎవరికి తెలుసు, సాక్ష్యంగా తీసుకోలేమన్నారు. ఇమోజెన్ నా బల్ల ముందు నిలబడి, "అసలు ఫోటోలు ఇవ్వు, కంప్యూటర్లో నంబర్లు బాగుచేసేవాళ్లు ఉన్నారు" అంది. ఇంట్లో ఉన్నాయన్నాను. "ఇల్లు ఎంత దూరం?" అంది. ఆమె మొద్దు కాదు.

ఈ మూడేళ్లూ నేను దేనికోసం అరిచానో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నువ్వు చెడ్డవాడివని కాదు. మెడకి తగిలిన తల్లి వెంటనే చావదు, పరిగెడుతుంది. దాని సంచిలో ఉన్నదీ, వెనక గెంతుతూ వచ్చే పెద్ద పిల్లా దాంతోపాటే పోతాయి. మా నాన్న చేతిలో మాత్రం అలా జరగదని లోపల్లోపల ఒక నమ్మకం. మిగతావాళ్లని తిట్టడానికి ఆ నమ్మకమే నాకు బలం. ఇప్పుడు అదీ లేదు.

నంబర్లు ఇస్తే నీ లైసెన్సు పోతుంది, పేపర్లో పేరు పడుతుంది. ఇవ్వకపోతే నేనిక్కడ కూర్చుని ఎవరి గురించి మాట్లాడాలి? ఒక నిర్ణయానికి వచ్చాను. ఫోటోలు చెరిపేసి ఉద్యోగం మానేస్తాను. హోబర్ట్‌లో ఒక స్కూలు లైబ్రరీలో పని ఉంది. పుస్తకాలకి అట్టలు వేసుకుంటాను. ఇమోజెన్‌కి ఈ నెలాఖరున చెప్తాను.

ఒక్కటే అడుగుతున్నాను. ఎందుకు నాన్నా కిందికి కోశావు? తొందరా? బద్ధకమా? నువ్వు చెప్పింది నువ్వే నమ్మడం మానేశావా? ఫోన్లో చెప్పకు. వాన సంగతి వినే ఓపిక లేదు.

టీగన్


టిల్పారా,
ఏప్రిల్ 19

అమ్మడూ,

ఇది రాస్తున్నది పోస్టాఫీసు నోలీన్. మాటలు మీ నాన్నవి, అక్షరాలు నావి. నీ రెండు ఉత్తరాలూ చదివి వినిపించింది కూడా నేనే, తిట్టుకోకు. మొదటిది మూడు వారాలు చొక్కా జేబులో పెట్టుకు తిరిగి, చివరికి తెచ్చి బల్ల మీద పడేసి, "చదువు, ఊళ్లో చెప్పావంటే నీ కోళ్లు బతకవు" అన్నాడు. చెప్పలేదు. ఇక ఆయన చెప్తున్నాడు, రాస్తున్నాను.

కళ్లమ్మా. రెండు కళ్లలోనూ శుక్లాలు. కుడిదానికి వచ్చి రెండేళ్లు. స్పాట్‌లైటు వేస్తే కంగారూ చుట్టూ పాలు ఒలికినట్టు తెల్లగా అవుతుంది. తల ఎక్కడుందో అంచనా మీద కొట్టాను. ఆపరేషన్ వరసలో పేరు రాయించలేదు. డాక్టరు చూస్తే తుపాకీ లైసెన్సు ముందు పోతుంది. నలభై ఏళ్లుగా ఇదే పని, ఇంకోటి రాదు. (నన్నడిగితే బద్ధకం కూడా కొంత ఉంది. - నోలీన్) (అది కొట్టెయ్ అంటున్నాడు. కొట్టెయ్యను.)

పదకొండు అన్నావు. నువ్వు చూసింది ఆ ఒక్క రోజుది. దొరికినవాటికే మెడలు కోశాను, దొరకనివి నాలుగు. పరిగెత్తిన వైపు తెల్లారేదాకా వెతికాను. ఒకదాని పిల్ల మాత్రం బండి దగ్గరికి వచ్చి నిలబడింది. ఆ వెలుతురుకి వచ్చిందో, మరెందుకు వచ్చిందో. ఈ సంగతి నోలీన్‌కి కూడా ఇవాళే చెప్తున్నాను. (అవును. - నోలీన్)

నీ ఫోటోల్లో నువ్వు నన్ను తప్ప ఎవర్నీ చూడలేదు. అదే నీ పొరపాటు. పొట్టి మెడ నేను కోశాను, సరే. దాన్ని కొక్కేనికి తగిలించుకున్నది ఎవరు? ట్రెవ్ ప్రతి మెడా చేత్తో తడిమి లోపల పెడతాడు. "క్లెమ్, నీ సరుకు ఈమధ్య కురచగా వస్తోందే" అని నవ్వి తీసుకున్నాడు. ఒక్కటి తిప్పి పంపినా నేను ఆ రోజే ఆపేసేవాణ్ణి. నాది తిప్పలేదు. కళ్లు బాగున్న కుర్రాళ్లు గాలిరోజున కొట్టి తెచ్చినవీ తిప్పలేదు. నువ్వు వెళ్లినరోజు గాలి లేదు, వాళ్లవి నిండు మెడలతో వచ్చాయి కాబట్టి నీకు పొట్టివి నావే కనిపించాయి. నా లైసెన్సు పరీక్ష పట్టపగలు, కదలని అట్టముక్క మీద పెట్టారు. మళ్లీ ఎవరూ అడగలేదు. ఆ విచారణ సంఘంవాళ్లు వినాల్సింది ఇది. నంబర్లు లేకుండా దీన్ని ఎలా వింటారు?

కత్తిరించినవి మళ్లీ అతికించి ఇయ్యి. అన్నీ ఇయ్యి.

నేను మీ పార్టీలో చేరలేదు, ఆ ఇమోజెన్‌కి చెప్పు. కంగారూని కొట్టడం పాపమని నా నోట రాదు. ఎండాకాలం మేత కోసం దూకి, కంచెల మీద ఎండిపోయి వేలాడేవాటిని చూసినవాణ్ణి. చూసింది చెప్తాను, అంతే. ఆ విచారణవాళ్లు డబ్బో పట్నంలో వచ్చే నెల పద్నాలుగున కూర్చుంటారట, నోలీన్ కనుక్కుంది. ఎవరైనా వచ్చి చెప్పొచ్చట. మిగిలిన ట్యాగులు నిన్న వాపసు పంపించేశాను. తుపాకీ పోలీసు స్టేషన్లో ఇచ్చాను. ఆ కొత్త పోలీసు రసీదు రాస్తూ "చేపలు పట్టుకోండి తాతగారూ" అన్నాడు. చేపలు కనపడితే కదా.

హోబర్ట్ వెళ్తే వెళ్లు, నీ ఇష్టం. కానీ నా కోసం వెళ్లకు. నన్ను దాచిపెట్టడానికి నువ్వు అట్టలేసుకుంటూ కూర్చుంటే, ఆ సంగతి తెలిసి నేనిక్కడ కూర్చోలేను.

పద్నాలుగో తేదీకి రెండు రోజుల ముందే రా. మన దారులమీద ఎలాగో నెట్టుకొస్తాను గానీ, హైవే మీద ఎదురొచ్చే లారీ ఒకటో రెండో తెలియట్లేదు. బండి నువ్వే నడపాలి.

మీ నాన్న

(సంతకం తనే పెడతానన్నాడు. ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాను. - నోలీన్)