పన్నెండో ఎర్ర పళ్ళెం

అమ్మకు,

ఉద్యోగం దొరక్క, నలుగురికీ ముఖం చూపించలేక పిల్లల శిబిరం వంటింట్లో దాక్కున్నానని పిన్నితో అన్నావట. అన్నం వడ్డించడానికి డిగ్రీ ఎందుకు, ఒకటో తారీకుకల్లా వచ్చెయ్యమన్నారట నాన్న. నేను చేసేది వడ్డన కాదమ్మా. ఏ పిల్లకు ఏది పడదో చూసి, వాళ్ళ భోజనం వేరే గరిటెతో ఎర్ర పళ్ళేలలో పెట్టించి, పేరు చీటీ అంటించడం.

నా జాబితాలో పదకొండు మందే. వంటావిడ రోజూ పన్నెండో ఎర్ర పళ్ళెం కూడా పెట్టిస్తుంది. దానికి పాలు, గుడ్డు, వేరుసెనగ ఏదీ తగలకూడదు. చీటీ మీద పేరుండదు.

"ఎవరికి పెద్దమ్మా?" అన్నాను.

"ఒక ఏడాది ఒక పిల్లకు ఏవి పడవో రాసిన కాగితం ఇంట్లోనే మరిచిపోయారు. తెలీక అందరితోపాటే పెట్టాను. ఆ పిల్ల ఇంటికి తిరిగి వెళ్ళలేదే," అంది, గరిటె ఆపకుండానే.

చాదస్తమనుకున్నాను. మొన్న మధ్యాహ్నం లెక్కపెట్టాను. పిల్లలందరూ ఎవరి పళ్ళెం ముందు వాళ్ళే ఉన్నారు. బల్ల చివర పన్నెండో పళ్ళెం వేళ్ళతో తుడుచుకు తిన్నట్టు ఖాళీగా ఉంది. పక్కన గ్లాసులో నీళ్ళు ఇంకా కదులుతున్నాయి.

"చూశావుగా. ఇంక అడక్కు," అంది ఆవిడ.

చెల్లి దగ్గు తగ్గిందా, ఇంకా మందు మొక్కలకే పోస్తోందా? నా పాత కళ్ళజోడు పంపు.

మోకాళ్ళ నొప్పులతో వంటావిడ ఈ ఆదివారంతో పని మానేస్తోంది. ఆమె స్థానంలో వచ్చే ఆయన పేరు లేని పళ్ళెం దండగన్నారు. నాన్నకు నమస్కారాలు. ఒకటో తారీకుకు నేను రావడం లేదు. ఆ పళ్ళెం ఇక నేను పెడతాను.