కాలువ గట్టు మీద హర్కబీర్

ఓఖర్‌డాండా,
భదౌ (భాద్రపద) నెల, పన్నెండో తేదీ.

చెల్లెలు జస్‌మాయకు,

అక్క దిల్‌సరా దీవించి రాస్తున్నది. ఇక్కడ మేం క్షేమం. మీ పిల్లలూ మేకలూ ఈ వానలకు తట్టుకున్నారని తలుస్తాను.

వాగు నీళ్లతో కరెంటు తీయాలా, డీజిల్ యంత్రం కొనాలా అని మీ ఊళ్లో తగువు నడుస్తోందని రాశావు. వాగునే నమ్ముకోండి. డీజిల్ కంచరగాడిదల మీద రావాలి, కొండచరియ విరిగిపడితే అదీ రాదు. వాగు నీళ్లతో తిరిగే మా కరెంటు చక్రానికి నూనె చుక్క అక్కర్లేదు, పొగ లేదు. పాడైతే మేమే విప్పి బిగించుకుంటాం. కరెంటు గది చూసుకునేది నేనే కదా, ఊరికే చెప్పడం లేదు.

కానీ మనుషులతో జాగ్రత్త. హర్కబీర్ అన్న గుర్తున్నాడా, డీజిల్ పిండిమిల్లు ఆయన? మా చక్రం తిరిగాక ఆ మిల్లు మూతపడింది. వాగుతో దీపాలేంటి, పిల్లలాట కాకపోతే, అని ఊరందరి ముందూ నవ్వినవాడు. ఈ వానాకాలం సాయంత్రమయ్యేసరికి బల్బులు ఎర్రగా మినుకుమంటున్నాయి. ఆయనేమో రోజూ పార పట్టుకుని, చక్రానికి నీళ్లు తెచ్చే కాలువ గట్టు మీదే. మడి లేదు, నారు లేదు, ఇక్కడేం పని అన్నా అని అడిగితే, నా కాళ్లు నా ఇష్టం, నీకు లెక్క చెప్పాలా అన్నాడు. చూపు మాత్రం తిప్పేసుకున్నాడు. పైగా తలుపులు మూసిన ఆయన ఇంట్లోంచి పగలంతా ఏదో యంత్రం రొద. నీళ్లు మళ్లిస్తున్నాడు, కరెంటూ దొంగిలిస్తున్నాడు అని ఊరి సభలో చెప్పాను. ఎవరూ కాదనలేదు. ఇవాళ పొద్దున ఆయన బజారుకు దిగగానే స్తంభమెక్కి ఆ ఇంటి తీగ నేనే తీసేశాను.

మీరూ అలాంటివాణ్ణి కాలువ దరిదాపులకు రానివ్వకండి.

ప్రేమతో,
నీ అక్క
దిల్‌సరా

తా.క. ఉత్తరం మడుస్తుండగా హర్కబీర్ కోడలు పరిగెత్తుకొచ్చింది. కరెంటు ఎందుకు పోయిందక్కా, అత్తకి ఊపిరాడట్లేదు అంది. వెళ్లి చూస్తే వదిన పెదవులు నీలంగా ఉన్నాయి. మంచం పక్కన ఆసుపత్రివాళ్లిచ్చిన ఊపిరి యంత్రం ఆగిపోయి ఉంది. ఆ రొద దానిదే. పరుగున వెళ్లి స్తంభమెక్కి తీగ కలిపాను. యంత్రం మళ్లీ మోగింది. వదిన మొహంలోకి రంగు వచ్చేదాకా చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. మిల్లు పొగే ఆమె ఊపిరితిత్తులు తినేసిందట. వాగు కరెంటును చూసి నవ్విన నోటితో మా ఇంటిదాని ప్రాణం దాని మీదే ఉందని ఎలా చెప్పను అని మామ దాచాడని కోడలు చెప్పింది.

సాయంత్రం హర్కబీర్ అన్న సిమెంటు బస్తా వీపున మోసుకొచ్చాడు. గట్టు కింద పీతలు తొలిచేశాయి, రోజూ మట్టి కొట్టినా నిలవట్లేదు, నీళ్లన్నీ అక్కడే పోతున్నాయి అన్నాడు. నేను చేసింది చెప్పాను. బస్తా దింపి దాని పక్కనే కూలబడ్డాడు. తర్వాత, దీపం మసకబారితే నా ఇంటివైపు చూశావు, గట్టువైపు చూడాల్సింది చెల్లీ అన్నాడు.

ఆయన బస్తా ఎత్తుకున్నాడు. నేను పార తీసుకుని వెనకాలే వెళ్లాను. గట్టు దగ్గర ఆయన, అక్కడ కాలు పెట్టకు, జారుతుంది అన్నాడు.