ఏప్రిల్లో బయటికొచ్చే తాళంచెవి

ప్రియమైన అకులీనాకు,

ఇక్కడ నేనూ, కోడలు తుయారా, రెండు ఆవులూ క్షేమం. నీ తుంటి ఎముక క్షేమం ఆ పట్నం డాక్టర్ల చేతిలో ఉంది. వాళ్ళ మాట విను. నా మాట విన్నట్టు వినకు.

చలి మైనస్ యాభై రెండు దగ్గర తిష్ఠ వేసింది. తాగునీటికి ఏట్లోంచి కోసి తెచ్చిన మంచుగడ్డలు వాకిట్లో పేర్చాం, మార్చి దాకా చాలు. అబ్బాయి అప్పటిదాకా గని నుంచి రాడట. వ్యాను ఇంజను చలికి బిగుసుకుపోకుండా కప్పేందుకు నువ్వు కుట్టిన బొంత పిగిలితే కోడలు మళ్ళీ కుట్టింది. కుట్లు నీవంత సన్నంగా లేవు, నేనేమీ అనలేదు.

కిందటి ఉత్తరంలో మూడు అడిగావు. గడ్డకట్టిన లీనా నది మీదికి బండి దించేముందు ఏటికి నైవేద్యంగా అట్టుముక్క పెడుతున్నావా అని. పెడుతున్నాను, వెన్న రాసి మరీ. కళ్ళు చూపించుకున్నావా అని. చూపించుకున్నాను. “మంచు మీద దారి గుర్తుకి పాతిన కొమ్మలు కనిపించని రోజున తాళంచెవి తుయారాకిస్తానన్నావు, ఇప్పుడది ఎవరి చేతిలో ఉంది?” అని. ఎవరి చేతిలోనూ లేదు. నవంబరులో స్టార్టు చేసిన ఇంజను ఈ చలిలో ఆపితే మళ్ళీ ఎండలు వచ్చేదాకా లేవదు కదా. తాళంచెవి బండిలోనే ఉంది.

నేనేదో దాటేస్తున్నానని పసిగట్టి ఈపాటికి నువ్వు కళ్ళజోడు తీసి పక్కన పెట్టేసి ఉంటావు. సరే, చెబుతాను.

కళ్ళలో శుక్లాలున్నాయి, బండి నడపొద్దని డాక్టరు అక్టోబరులోనే చెప్పాడు. నీ దగ్గర దాచాను. మొన్న మంగళవారం పొద్దున పిండి బస్తాలతో ఏటి మీద బయలుదేరాం. ఒకటే పొగమంచు. ముప్పై ఒక్క చలికాలాలు నడిపిన దారి గదా అని ధీమాగా పోతున్నాను.

“మామయ్యా, కొమ్మలు కనిపిస్తున్నాయా మీకు?”

“కుడివైపే ఉన్నాయి గదమ్మా.”

“లేవు. ఎప్పుడో వెనకుండిపోయాయి. మెల్లగా ఆపండి.”

ఆపాను. పదడుగుల అవతల మంచు పలచబడి నల్లగా, తడిగా ఉంది. నేను దిగి చుట్టూ తిరిగి వచ్చేసరికి ఆ పిల్ల నా సీట్లోకి జరిగి, ఫ్లాస్కులోంచి టీ పోసి ఉంచింది.

“చల్లారకముందే తాగండి. ఈలోగా నేను వెనక్కి తిప్పుతాను,” అంది.

భయపడ్డాను అకులీనా. నా మొండితనానికి ఆ పిల్ల బలయ్యేది. ఆ రోజంతా తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. ఆ రోజు నుంచీ బండి తనే నడుపుతోంది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, పక్క సీటు బాగుంది. ఇన్నేళ్ళూ ముందున్న చక్రాల జాడ తప్ప ఏమీ చూడలేదు నేను. నిన్న ఎండ పడి అవతలి ఒడ్డు కొండలు ఎర్రబడ్డాయి. మసకగానే అనుకో, అయినా కళ్ళు నిండాయి. నువ్వు పక్కన కూర్చుని “అటు చూడవయ్యా” అన్నప్పుడల్లా కసురుకునేవాణ్ణి. చూడాల్సింది.

ఏప్రిల్లో ఏటి దారి మూసేస్తారు. ఆ రోజు ఇంజను ఆపుతాం, తాళంచెవి బయటికొస్తుంది. అప్పటికి నువ్వు నీ కాళ్ళ మీద నడిచి రావాలి. నేను తీసి నీకిస్తాను, నువ్వు తుయారాకివ్వు. నేరుగా ఇవ్వాల్సొస్తే నా గుప్పిట తెరుచుకోదేమో.

ఇట్లు,
నీ భర్త,
గవ్రీల్