వంటింటి చెప్పులకు గవర్నమెంటు ముద్ర

నగరం,
రేపల్లె తాలూకా,
మే నెల, 1973.

మహారాజశ్రీ ఆరోగ్యశాఖ పెద్ద అధికారి గారి సముఖమునకు, నగరం గ్రామ కాపురస్తుడు, వ్యవసాయదారుడు యలమంద వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: చక్కెర జబ్బు వారి కాళ్ళను తీసివేయుటకు ముందు ఒక్కసారి చూచుట గురించియు, నా భార్య మాణిక్యాంబ వంటింటిలో చెప్పులు తొడుగుకొనవలెనని ఉత్తరువు దయచేయుట గురించియు.

1. నేను చక్కెర జబ్బు మనిషినని ఇందుమూలముగా మనవి చేసుకొనుచున్నాను. మా తండ్రిగారి నుండి నాకు సంక్రమించినవి కొంత మాగాణి, ఈ జబ్బు. మాగాణి పంచుకోవడానికి అన్నదమ్ములందరూ వచ్చారు. జబ్బు దగ్గర మాత్రం ఎవరూ తగాదా పెట్టలేదు.

2. నేను వెళ్ళే సర్కారు ఆసుపత్రి రేపల్లెలోదా, తెనాలిలోదా, బాపట్లలోదా అని తమరు అడగవద్దు. చెబితే నాకు మొద్దు సూది పడుతుంది. ఆ గుమ్మంలో 'చెప్పులు బయట విడువవలెను' అని బోర్డు ఉన్నది. నిరుడు రోహిణీ కార్తెలో ఆ బోర్డును గౌరవించి చెప్పులు విడిచి, బండలు పరిచిన ఆవరణలో వరుసలో నిలబడ్డాను. ముందువాళ్ళూ వెనకవాళ్ళూ ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుతున్నారు. నేను కదలలేదు. నా వెనక నున్న కమలమ్మ గారనే పెద్దావిడ దణ్ణం పెట్టినంత పని చేసి, "మీరు నిప్పుల గుండం తొక్కుతారా అన్నయ్యా?" అని అడిగింది. నేను అవుననలేదు గానీ కాదని కూడా అనలేదు.

ఆ గొప్పతోనే ఇంటికి వచ్చాను. "ఏంటండి, కాళ్ళు కడుక్కుని తుడుచుకోకుండా వచ్చారు?" అన్నది మాణిక్యాంబ, గచ్చు మీద తడి అడుగులు చూసి. నేను కాళ్ళు కడుక్కోలేదు. అరికాలు కాలి, బొబ్బలు చితికి కారుతున్నది. చక్కెర జబ్బు కాళ్ళలో స్పర్శ తినేస్తుందని అప్పటికి తెలియదు; నొప్పి లేదు గనక పసుపు రాసి ఊరుకున్నాను. నాట్ల నాటికి కాలు నల్లబడింది. మోకాలి కింద నుంచి తీసేశారు. ఆసుపత్రి గుమ్మంలో విడిచిన చెప్పులు మాత్రం రెండూ భద్రంగా దొరికాయి.

3. ఆసుపత్రిలో నా నాలుక చూశారు. కంటి రెప్ప లాగి చూశారు. మూత్రం కాచి రంగు చూశారు. కాళ్ళు డాక్టరు గారి బల్ల కింద ఉండిపోయాయి. అవి బల్ల మీదికి ఎక్కింది కోసే రోజునే. మశూచి టీకాల వారు ఇంటికి వచ్చి మరీ చెయ్యి చూస్తారు. మలేరియా వారు వేలు గుచ్చి నెత్తురు పట్టుకుపోతారు. మనిషిని మోసే కాలును అడిగే నాథుడు ఏ శాఖలోనూ లేడని విచారిస్తున్నాను.

4. ఇక అసలు సంగతి. ఈ ఉగాది వెళ్ళాక మాణిక్యాంబకూ చక్కెర ఉన్నదని తేలింది. ఆమె పొయ్యి దగ్గర, కట్టెల దగ్గర, దొడ్లో వట్టి కాళ్ళతో తిరుగుతుంది. చెప్పులు తొడుక్కోమంటే, "వంటింట్లో చెప్పులేంటండి? ఆ అన్నం దేవుడికి ఎట్టా పెడతాను? నలుగురూ వింటే నవ్వుతారు" అంటుంది.

ఆమె నా మాట విన్న సందర్భం ఏదీ నాకు జ్ఞాపకం లేదు. గవర్నమెంటు మాట మాత్రం వింటుంది. మలేరియా వారు మా గోడ మీద ఏవో అంకెలు రాసి పోతే, గవర్నమెంటు రాత చెరపగూడదని ఆ గోడకు ఏళ్ళ తరబడి సున్నం వెయ్యనివ్వలేదు. మా ఇంట్లో పెళ్ళికి వచ్చిన చుట్టాలు అవి చూసి ఏదో కోర్టు జప్తు అనుకుని భోంచెయ్యకుండా వెళ్ళబోయారు.

అయ్యా, నాకు భయంగా ఉన్నది. నా కాలు పోయినప్పుడు ఆమె తన రెండు కాళ్ళ మీద నిలబడి నన్ను లేవదీసింది. ఆమెకే ఆ గతి పడితే లేవదీయడానికి నా దగ్గర ఒక్క కాలే మిగిలి ఉన్నది.

5. కావున తమరు దయతో చక్కెర జబ్బు వారి పాదాలను ప్రతిసారీ బల్ల పైకి ఎత్తించి చూడవలసిందిగాను, వారు ఆసుపత్రిలోకి చెప్పులతో రావచ్చునని బోర్డు మార్పించవలసిందిగాను ప్రార్థన. మాణిక్యాంబ పేర గుండ్రని ముద్ర వేసిన ఉత్తరువు వేరే కాగితం మీద ఇప్పించాలి. అందులో వంటిల్లు అనే మాట స్పష్టంగా ఉండాలి. లేకపోతే వసారా వరకే అంటుంది.

ఒంటికాలి మీద నిలబడి చేసుకున్న ఈ మనవి చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
యలమంద

తా.క. ఇది తమ ఆఫీసు గుమ్మంలో కూర్చుని రాస్తున్నాను. నిన్న పై అర్జీ పూర్తిచేసి మాణిక్యాంబకు చదివి వినిపించాను. అంతా విని, "నా కాళ్ళు గవర్నమెంటు వారు చూడాలని రాశారు, బానే ఉంది. మీరు చూశారా ఎప్పుడన్నా?" అన్నది. చూడలేదు. కాళ్ళు నా ఒళ్ళో పెట్టమంటే, "మీరు నా కాళ్ళు పట్టుకుంటే నాకు పాపమండి" అని చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కున్నది. మొగుడు చూడాలని గవర్నమెంటు ఉత్తరువు ఇదివరకే ఉన్నదని అబద్ధమాడాను. అప్పుడు పెట్టింది.

ఎడమ మడమలో తుమ్మముల్లు విరిగి ఉన్నది. వంటకట్టెలది. చుట్టూ వాచి చీము పట్టింది. నొప్పి లేదా అంటే, "అస్సలు లేదండి" అన్నది. ఆ రోజు బండల మీద నేనెంత గొప్పగా నిలబడ్డానో, ఆమె అంత గొప్పగా చెప్పింది.

మొదటి బస్సుకు బయలుదేరి వచ్చాము. ఆమెకు చెప్పులు లేవు గనక నా జత తొడిగి, జారకుండా గుడ్డపేలికలతో కట్టాను. నా కాలికి గోనెగుడ్డ చుట్టుకున్నాను. తీరా వస్తే, తమ గుమ్మంలోనూ అదే బోర్డు. కాపలాదారు అర్జీ లోపలికి పోవచ్చునని, చెప్పులు పోగూడదని అంటున్నాడు. చెయ్యి ఆనించి చూశాను, బండలు బాగా కాలుతున్నాయి.

దయచేసి త్వరగా బయటికి రండి. మాణిక్యాంబ వంగి పేలికలు విప్పుతున్నది. నేను వద్దంటున్నాను. ఆమె గవర్నమెంటు మాటే వింటుంది.