తొమ్మిది వేలకు పడిపోయిన జంపయ్య

చండ్రుగొండ,
12 జూలై 2007

చెల్లెలి బిడ్డ సుజాతకు, బొగ్గుబాయిలో పని చేయించే సర్దార్ చేత ఒక్కనాడూ మాట పడని మీ మేనమామ జంపయ్య దీవించి రాయునది.

ఇక్కడ మేము బాగున్నాం. బాగా లేనిది నా రక్తం ఒక్కటే. దాని సంగతి అడగడానికే ఈ ఉత్తరం. ఫోన్ చేయవచ్చు కదా అనకు. బాయిలో బొగ్గు పేల్చే తూటాల మోతకు నా చెవులు ఎప్పుడో పోయాయి. నువ్వు ఒకటి చెబితే నేను ఇంకొకటి వింటాను.

నువ్వు హైదరాబాదు దవాఖానాలో రక్తపరీక్షల గదిలోనే పని చేస్తున్నావు, నీకు తెలియాలి. మార్చిలో నువ్వే నన్ను తీసుకుపోయి సూది పొడిపించావు. తెల్లకణాలు లక్షా ఎనభై ఆరు వేలు అన్నారు. అది రక్తంలో క్యాన్సర్ అనీ, నిదానంగా నడిచే రకమనీ, రోజుకొక గోలీ వేసుకోవాలనీ డాక్టరు చెప్పాడు. వేసుకున్నాను. మొన్న కొత్తగూడెంలో మళ్ళీ పరీక్ష చేయిస్తే ఎంత వచ్చిందో తెలుసా. తొమ్మిది వేలు.

లక్షా ఎనభై ఆరు వేలు ఎక్కడ, తొమ్మిది వేలు ఎక్కడ. నేను బొగ్గు నింపిన రోజుల్లో షిఫ్టులో ఎవడికైనా నాలుగు టబ్బులు తగ్గితే సర్దార్ పిలిచి నిలబెట్టేవాడు. ఇంత తగ్గితే చార్జిషీటే.

పైగా పరువు ఒకటి ఉంది. నాతో బాయిలో చేసిన రెడ్యాకు ఆమధ్య జ్వరం వస్తే పరీక్ష చేశారు. ఏడు వేలు వచ్చింది. టీ హోటల్లో అందరి ముందు, "ఏందిర రెడ్యా, గంతేనా? నాయి లక్షా ఎనభై ఆరు వేలు" అన్నాను. వాడు టీ గ్లాసు సగంలో వదిలి లేచిపోయాడు. ఇప్పుడు నేను ఏ ముఖం పెట్టుకొని హోటలుకు పోవాలి?

అందుకని మీ డాక్టరు గోలీలు ఆపేశాను. ఈసారి మూడు నెలలకని ఇచ్చినవన్నీ నా పాత టిఫిన్ డబ్బాలో పెట్టి అటక ఎక్కించాను.

ఇట్లు,
తగ్గడం తెలియని మీ మామ
జంపయ్య

మరొక మాట: నా మొలతాడు కూడా వదులైంది. చలికాలంలో బిగుసుకుపోయి రెండుసార్లు తెగితే మీ అత్త పొడుగుది కట్టింది. ఇప్పుడది జారిపోతున్నది. కండ మొత్తం ఆ గోలీలే తిన్నాయి. మీ అత్త సారక్కకు చూపిస్తే నవ్వింది. మొగుడు అరిగిపోతుంటే నవ్వే ఆడదాన్ని దీన్నే చూశాను.


హైదరాబాదు,
20 జూలై 2007

మామయ్యకూ అత్తకూ సుజాత దండం పెట్టి రాస్తున్నది.

నీ ఉత్తరం చదివి మా గదిలో వాళ్ళంతా నవ్వారు. నేను మాత్రం నవ్వలేకపోయాను.

మామా, అది బొగ్గు కాదు, ఎక్కువైతే మెచ్చుకోవడానికి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి తెల్లకణాలు సుమారు నాలుగు వేల నుంచి పదకొండు వేల దాకా ఉంటాయి. రెడ్యా కాక ఏడు వేలతో హాయిగా ఉన్నాడు. నీకు లక్షా ఎనభై ఆరు వేలు అన్న రోజున నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

నీ మిరప చేను తలుచుకో. కలుపు తీయకపోతే దూరం నుంచి ఎంత పచ్చగా ఉంటుంది. దగ్గరికి పోతే అంతా గడ్డి, మిరప మొక్క కనబడదు. నీ రక్తంలో పెరిగింది ఆ గడ్డే. రోగాలతో పోట్లాడాల్సిన కణాలు పని నేర్వకుండానే గుంపులుగా పుట్టి, మంచివాటికి చోటు లేకుండా చేశాయి. గోలీ ఆ గడ్డిని అణిచింది. తొమ్మిది వేలంటే నీ చేను శుభ్రమైందని లెక్క.

మొలతాడు సంగతీ అంతే. ఎడమ డొక్క కింద ప్లీహం ఉబ్బింది కాబట్టి అప్పుడు బిగుసుకుంది. వాపు దిగింది, వదులైంది. కండ ఎక్కడికీ పోలేదు.

ఉత్తరం అందగానే డబ్బా దించి గోలీ వేసుకో. ఆపితే మళ్ళీ లక్షలకు పోతుంది. అప్పుడు గోలీకి లొంగకపోవచ్చు కూడా.

నీ కోడలు,
సుజాత

మరొక మాట: లక్షా ఎనభై ఆరు వేలని హోటల్లో చెప్పుకోవడం, నాకు నూట ఆరు జ్వరం వచ్చింది నీకు రాలేదని ఎగతాళి చేయడం లాంటిది. రెడ్యా కాకకు ఈ ముక్క చదివి వినిపించు.


చండ్రుగొండ,
16 సెప్టెంబరు 2007

కోడలు సుజాతకు, చెప్పింది వినే ముందు ఆలోచించే అలవాటున్న మీ మామ దీవెనలు.

రెడ్యాకు చదివి వినిపించలేదు. వాడికి నేనెందుకు వినిపిస్తాను.

గడ్డి సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ నువ్వు రాసిన దాంట్లోనే నీకు తట్టని పాయింటు ఒకటి ఉంది. చేను శుభ్రమైంది అన్నావు. శుభ్రమైన చేనుకు గడ్డిమందు కొట్టేవాణ్ని మా దగ్గర పిచ్చోడంటారు. కాబట్టి డబ్బా దించలేదు.

లక్షలకు పోతుందని బెదిరించావు కదా. నిన్న కొత్తగూడెం పోయి మళ్ళీ పరీక్ష చేయించుకున్నాను. ఆరు వేల ఎనిమిది వందలు. ఒక్క గోలీ ముట్టకుండా. ఆ కాగితం దీనితో పంపుతున్నాను, మీ డాక్టరు కళ్ళ ముందు పెట్టు. అడవి గాలి పీల్చి, బాయి దుమ్ము తిని బతికిన ఒళ్ళు ఇది. దాని మందు అదే చేసుకుంటుంది.

హోటలుకు పోయి రెడ్యాతో, "ఇగ చూడర, నీకంటే తక్వ" అన్నాను.

"మొన్న ఎక్వ గొప్పంటివి, గిప్పుడు తక్వ గొప్పంటవ్. ఎట్లయినా నువ్వే గెలుస్తవ్. కానియ్యి, టీ తాగు" అన్నాడు. ఓడినవాడి మాటలు అట్లనే ఉంటాయి.

ఇట్లు,
ఆరు వేల ఎనిమిది వందల
జంపయ్య

మరొక మాట: మీ అత్తకు వయసు మీద పడింది. చెయ్యి తప్పుతున్నది. పొద్దున పోసే రాగిజావ రెండు నెలలుగా చేదు. అడిగితే, "నీ నాలుకే చేదు" అంటున్నది.


హైదరాబాదు,
27 సెప్టెంబరు 2007

మామయ్యకు సుజాత దండం. ఈసారి కోపంతో పెడుతున్న దండం.

కాగితం డాక్టరుకు చూపించాను. రెండుసార్లు చూసి, పేరు సరిగ్గా ఉందా అని అడిగాడు. గోలీ లేకుండా ఇలా ఉండటం ఆయనకే అర్థం కాలేదు. కొందరికి పెరగడం ఆలస్యమవుతుందేమో గానీ, పెరగకుండా ఉండదని అంటున్నాడు. పైన గడ్డి కనబడకపోయినా వేరు లోపలే ఉంటుంది.

గడ్డి సంగతి రాయడం నాదే పొరపాటు. బాయి సంగతి చెబుతాను, అది నీకంటే ఎవరికి తెలుసు. బాయి అడుగున పంపు ఆగకుండా నీళ్ళు తోడుతుంది. నేల పొడిగానే ఉంది కదా అని ఎవరైనా పంపు ఆపుతారా? పంపు నడుస్తున్నది కాబట్టే నేల పొడిగా ఉంది. నీ ఆరు వేల ఎనిమిది వందలు ఆ పొడి నేల. గోలీ ఆ పంపు.

నువ్వు ఆపి కూర్చున్నావు మామా. నీళ్ళు ఎప్పుడు ఊరుతాయోనని ఇక్కడ నాకు అన్నం దిగడం లేదు. అమ్మ పోయాక నన్ను "ఏందే" అని పిలిచేవాళ్ళలో నువ్వు ఒక్కడివే మిగిలావు.

నీ కోడలు,
సుజాత

మరొక మాట: జావలో మెంతులు పడుతున్నాయేమో అత్తను చూసుకోమను. ఎట్లా ఉన్నా తాగు.


చండ్రుగొండ,
14 అక్టోబరు 2007

ఏందే సుజాతా, మామ దీవెనలు.

పంపు ముక్క ముందే రాయాల్సింది. మేము బాయిలో ఉండగా ఒకసారి పంపు ఆగింది. మోకాలి లోతు నీళ్ళలో బయటపడ్డాం. రెడ్యాను నేను భుజం పట్టి లాక్కొచ్చాను. వాడేమో వాడే నన్ను లాక్కొచ్చానని చెప్పుకుంటాడు. అది పక్కన పెట్టు. నీ ఉత్తరం చదవగానే నిచ్చెన వేసి అటక ఎక్కాను. డబ్బా మూత తీశాను. ఖాళీ రేకులున్నాయి, గోలీలు లేవు.

ఎలుకలు అనుకున్నాను. కానీ రేకులు వరసగా, నీటుగా చింపి ఉన్నాయి. మీ అత్తను పిలిచాను.

"గోలీలేవి?"

"ఒడిసినయ్."

"ఎవరు మింగిండ్రు?"

"నువ్వే."

"నేనెప్పుడు మింగిన?"

"పొద్దుగాల, జావల."

నిచ్చెన మీదే నిలబడి ఖాళీ రేకులు లెక్కపెట్టాను. ఇన్నాళ్ళూ గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చుంటే, ముసలితనంలో నా మీద ప్రేమ పెరిగిందనుకున్నాను.

ఇట్లు,
మీ మామ
జంపయ్య

మరొక మాట: కింద ఉన్నది మీ అత్త చెప్పింది. ఆమెకు రాయడం రాదు, కాబట్టి నాకు తప్పడం లేదు. ఒక్క ముక్క మార్చవద్దని ఎదురుగా కూర్చుంది. చదవడం రాని మనిషి ఎట్లా పట్టుకుంటుందని అడగకు. నా ముఖం చూసి పట్టుకుంటుంది.

"బిడ్డా సుజాతా, నాకు లక్షలు వేలు తెల్వయ్. మొలతాడు తెలుసు. చలికాలం డొక్క ఉబ్బి తాడు తెగితే రెండుమార్లు నేనే కట్టిన. గోలీ మింగవట్టినంక గదే తాడు జారింది. ఎడమ పక్కకు ఒరిగి పండుకోలేని మనిషి మంచిగ పండుకున్నడు. గది చూసే నవ్విన. గాయనేమో గోలీలు అటకెక్కిచ్చిండు. కొట్లాడితే ఇంకింత బిగుసుకుంటడు. అందుకే నీళ్ళల్ల నానబెట్టి జావల కలిపిన. మీ మామ ఉత్త..."

ఇక్కడ ఒక మాట వదిలేశాను. పట్టుకుంది. రాస్తున్నాను. "మొండోడు."

ఇక నా మాట. గోలీలు నిన్నటితో అయిపోయాయి. ఇవ్వాళ జావ చేదు లేదు. తాగుతుంటే భయం వేసింది.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. రేపు పొద్దున మొదటి బస్సుకు ఇద్దరం బయలుదేరుతున్నాం, నేనే తెచ్చి నీ చేతికి ఇస్తాను. చదివేటప్పుడు నా ముఖం వంక చూడకు.