అరుపు తర్వాత నాలుగు సెకన్లు

బుజ్జితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేనూ, మీ అమ్మా, మీ అమ్మ దగ్గూ ముగ్గురం క్షేమమే. నువ్వూ అల్లుడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. దగ్గు సంగతి అడిగావు కనుక ముందు అదే రాశాను. మందు వేసుకోమంటే "నీ దగ్గర మైకులున్నాయిగా, రికార్డు చేసుకుని సినిమాలో ఏ ముసలిదానికైనా పెట్టుకో" అంటోంది. నిజం చెప్పొద్దూ, ఒక దగ్గు పెట్టేశాను కూడా. అమ్మకు చెప్పకు.

ఫోనుండగా ఈ ఉత్తరాలేమిటని అల్లుడు నవ్వుతున్నాడని రాశావు. నవ్వనీ. ముప్పై ఏళ్ళుగా సినిమాలకు చప్పుళ్ళు చేసి బతుకుతున్నవాణ్ణి. ఫోన్లో నా గొంతు వణికితే అందరికంటే ముందు నాకే తెలిసిపోతుంది, ఇక నోరు పెగలదు. కాగితంతో ఆ బాధ లేదు.

కొత్త సినిమా నిజంగా జరిగిన కథేనా అని అడిగావు. నిజమే. ఇరవై ఏళ్ళ కిందట, కరెంటు మీటరు చూడాలంటూ తలుపు కొట్టి అయిదుగురు అమ్మాయిలను పొట్టన పెట్టుకున్నవాడి కథ. వాడి బూట్ల అడుగులన్నీ నావే. కత్తి చప్పుళ్ళకు క్యాబేజీలు వాడాను. మూడు నెలలుగా ఇంట్లో అవే తింటున్నాం. "హంతకుడు కోసినవి నేను వండను" అని మీ అమ్మ మొండికేసింది కానీ, తరిగే పని తప్పిందని చివరికి దారికొచ్చింది.

ఆ సినిమా విడుదలైన రోజే స్నేహితురాళ్ళతో వెళ్ళి చూస్తానన్నావు. అందుకే ఈ ఉత్తరం.

ఇంకో మాట కూడా అడిగావు. పోయినసారి మీ ఇంటికొచ్చినప్పుడు నీ చేతిలోంచి గిన్నె జారితే, నేను ఒంటినిండా సబ్బు నురగతో, తువ్వాలు చుట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చాను కదా, అంత కంగారెందుకని. రెండింటికీ జవాబు ఒక్కటే. చెప్పడానికి ఇంతసేపు నసుగుతున్నాను, చూశావా.

నీకు పధ్నాలుగేళ్ళప్పుడు, గోదాము ఇనుప తలుపు కిర్రుమనే చప్పుడు కావలసి నిన్ను వెంటబెట్టుకెళ్ళాను. నువ్వు తలుపు తోస్తున్నావు. నేను చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, మైకు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. నీ చిటికెనవేలు సందులో పడింది. అరిచావు. "నాన్న ఎగిరొచ్చి ఎత్తుకున్నాడు" అని ఇప్పటికీ ఆ వంకర వేలు చూపించి అందరికీ చెబుతావు. అల్లుడికీ చెప్పావు. నేను ఏనాడూ కాదనలేదు.

ఎగిరి రాలేదమ్మా. మా పనిలో మొదటి పాఠం, రికార్డవుతుండగా కదలకూడదని. నీ అరుపు చెవిలో పడగానే ఒళ్ళు బిగుసుకుపోయింది. చప్పుడు చెడకూడదని అలాగే నిలబడ్డాను. కన్నకూతురు అరిస్తే! తర్వాత కొలిచి చూసుకున్నాను. నాలుగు సెకన్లు. అది చాలదన్నట్టు ఆ రికార్డు చెరిపేయకుండా భద్రంగా దాచుకున్నాను.

ఈ సినిమాలో చివరి అమ్మాయి కోసం ముగ్గురు వచ్చి గొంతులు పోయేలా అరిచారు. ఒక్కటీ దర్శకుడికి ఆనలేదు. నిజం అరుపు కావాలని నా ప్రాణం తీశాడు. నీ అరుపు బయటికి తీసి ఇచ్చాను. నిన్ను మాటవరసకైనా అడగలేదు. అతను అద్భుతమంటే గర్వపడ్డాను కూడా, సిగ్గులేనివాణ్ణి.

పోయిన మంగళవారం ఆ చనిపోయిన అమ్మాయి తల్లిని పిలిపించి సినిమా చూపించారు. బట్టలు కుట్టే ఆవిడ. చూడటం అయ్యాక తిన్నగా నా గదికొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మా పిల్లకు పెట్టిన ఆ అరుపు ఎవరిదయ్యా?"

"మా అమ్మాయిదమ్మా."

"బతికే ఉందా?"

"ఉందమ్మా. బడిలో పాఠాలు చెబుతోంది."

"హమ్మయ్య" అని గుండెల మీద చెయ్యి వేసుకుంది. మళ్ళీ అడిగింది. "అరవగానే వెళ్ళావా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆవిడ ముఖం చూస్తూ ఆడలేకపోయాను. రికార్డు మొదటినుంచి చివరిదాకా వినిపించాను. కళ్ళు మూసుకుని వింది.

"నిలబడిపోయావు. తప్పే" అంది. "కానీ నీకు వినబడింది, వెళ్ళావు. మా పిల్ల అరిచినప్పుడు నేను పక్కింట్లోనే మిషను తొక్కుతున్నాను. ఆ గోలలో నాకు వినబడనే లేదయ్యా."

సినిమాలోంచి తీసేయమంటారా అని అడిగాను.

"నన్నడుగుతావేం? గొంతు నీ కూతురిది, దాన్నడుగు. ఒప్పుకుంటే ఉంచు. మా పిల్లని ఈసారైనా నలుగురూ వింటారు."

ఇచ్చేముందు అడగవలసింది ఇప్పుడు అడుగుతున్నాను. ఉంచమంటావా, తీసేయమంటావా? దర్శకుడితో మాట్లాడాను. ముందు ఎగిరిపడ్డాడు, తర్వాత నెలాఖరుదాకా ఆగుతానన్నాడు. నువ్వు వద్దంటే మారుమాట లేకుండా తీసేస్తాను, కావాలంటే నేనే అరుస్తాను. కోపమొస్తే ఉత్తరం నిండా తిట్టు. రాయడం మాత్రం మానకు, తట్టుకోలేను.

గిన్నె పడితే ఎందుకు పరుగెత్తుకొచ్చానంటే, ఆ రోజు వెంటనే రాలేదు కనుక. అప్పటినుంచీ ఏ చప్పుడు విన్నా కాళ్ళు ఆగవు.

ఆ రికార్డు దీనితో పంపుతున్నాను. అల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని విను. అరుపు తర్వాత నాలుగు సెకన్లు ఏమీ వినిపించదు, నొప్పికి నీకు ఊపిరాడలేదు. అయిపోయిందనుకుని ఆపేయకు తల్లీ. ఆ తర్వాత నేను వస్తాను.

ఇట్లు,
మీ నాన్న