పేర్లు తీసేసిన ఇంటర్వ్యూ

హైదరాబాద్,
ఫిబ్రవరి 9

బావా,

ఫోన్‌లో అడిగితే "మంచిగనే ఉన్న" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

యూనివర్సిటీలో నేను పరిశోధన పద్ధతులు చెప్పే క్లాసులో ఇంజనీరింగ్ చదివినవాళ్లు, సాహిత్యం చదివినవాళ్లు కలిసే కూర్చుంటారు. ఒకరికి అంకెలు కావాలి, ఇంకొకరికి మాటలు. ఈసారి స్వప్న అని దంతాలపల్లి అమ్మాయి, భార్యలు దూరంగా ఉన్న రైల్వేవాళ్లతో మాట్లాడి వచ్చింది. "ఎక్కడ?" అంటే "డోర్నకల్‌ల మేడం" అంది, నువ్వు పనిచేసే స్టేషన్‌లోనే. పేర్లన్నీ తీసేసింది. నేను నేర్పిందే.

అందులో ఒకాయన మాటల దగ్గర ఆగిపోయాను. "నా భార్య ఎవల పిల్లలకో పాఠాలు చెప్తది. డ్యూటీ దిగినంక ఇంట్లకు పోబుద్ధి కాదు, ప్లాట్‌ఫారం మీదనే కూసుంట. నేను యాదికొస్తనా అని అడగాలనుంటది. అడగ."

బావా, అది నువ్వే. పెళ్లైన ఈ ఆరేళ్లలో నాకు చెప్పని మాట ఎవరో పిల్లకు చెప్పావు. మనసు చివుక్కుమంది. ఇంటర్వ్యూ ఇచ్చిన మనిషి ఎవరని వెతకొద్దని పిల్లలకు చెప్పేది నేనే, ఇప్పుడు తప్పుతున్నదీ నేనే. నువ్వు యాదికి రాని రోజు లేదు. సిద్ధాంతం చెబుతూ చెబుతూ ఆగిపోతాను, పిల్లలకు నా కళ్లు కనబడకుండా బోర్డు వైపు తిరుగుతాను. రాజీనామా రాసి పెట్టుకున్నాను. నీ జవాబు రాగానే ఇచ్చేస్తాను.

నీ
భాగ్య

డోర్నకల్,
ఫిబ్రవరి 16

భాగ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ మాటలు నావి కావు. ఎవరివో తెలుసు, కానీ చెప్పను. నువ్వూ అడగకు. ఆయన చెబుతున్నప్పుడు పక్కనే ఉన్నాను. చెప్పి, మొహం కడుక్కొని వస్తానని లేచి వెళ్లాడు.

తర్వాత ఆ అమ్మాయి నా దిక్కు తిరిగింది. "మీకెట్లుంటది అన్నా?"

"నాకేం పరేషాన్ లేదు. అలవాటైంది."

అట్లనే రాసుకుంది. నువ్వు అదీ చదివే ఉంటావు. ఎవరో రాతిగుండె మనిషనుకొని పేజీ తిప్పి ఉంటావు. అది నేను.

నావి అనుకొని నువ్వు ఏడ్చిన మాటలు నావైతే ఎంత బాగుండు! నోరు రాలేదు. నువ్వెక్కిన బండికి పచ్చజెండా చూపాల్సి వస్తే నాకు చెయ్యి లేవదు భాగ్యా. ఆ సంగతి పరాయి పిల్లకెట్ల చెప్పను? నీకే చెప్పలేదు.

రాజీనామా చింపెయ్యి. ఆ పిల్లలకు నువ్వు కావాలి. బుధవారం నుంచి నాలుగు రోజులు సెలవు పెట్టి నేనే వస్తున్నాను. ఒక పూట నన్ను మీ క్లాసుకు తీసుకుపో. స్వప్నతో ఒక్క మాట చెప్పాలి.

"చెల్లె, గా రోజు నేను అబద్ధం చెప్పిన. జర మార్చి రాసుకో."

నీ
అమర్